వద్దంటే నిజంగానే వద్దనుకుంటున్నారు!

ప్రశ్న: అక్కా, మాది కాకినాడ. హైదరాబాద్‌లో నాతో పాటు పనిచేసిన జర్మన్ అబ్బాయిని పోయిన ఫిబ్రవరిలో పెళ్లి చేసుకున్నాను. ఇప్పుడు మొదటిసారి అత్తవారింటికి, స్టుట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న ఊరికి వచ్చాం. సంక్రాంతి దాకా ఇక్కడే. వచ్చి తొమ్మిది రోజులైనా రాత్రి ఏడింటికే నిద్ర ముంచుకొస్తోంది, రెండున్నరకి మెలకువ వచ్చేస్తోంది. రాత్రి భోజనమంటే రొట్టె, చీజ్, కీరా ముక్కలు, అన్నీ చల్లగానే. మొదటిరోజు అత్తగారు ఇంకో ముక్క వేయనా అంటే మొహమాటానికి వద్దన్నాను, అంతే, పళ్లెం తీసేశారు! మొన్న ఉండబట్టలేక ఇంగువ పోపుతో చారు పెట్టాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ ఇల్లంతా కిటికీలు బార్లా తెరిచేశారు, బయట సున్నా డిగ్రీల చలి. నాకు ఏడుపొక్కటే తక్కువ. మా ఆయన్ని అడిగితే "అదేం లేదు" అంటాడు. పైగా అత్తమామలిద్దరూ తమని పేరు పెట్టి పిలవమంటున్నారు, నాకేమో నోరు రావట్లేదు. నేను వాళ్లకి నచ్చలేదంటావా?

జవాబు: ముందు ఆ కిటికీల సంగతి తేల్చేద్దాం, నీ ఏడుపంతా అక్కడే ఉంది కాబట్టి. చెల్లీ, అది నీ చారు మీద కోపం కాదు. రేపు చారు పెట్టకు, ఇంగువ డబ్బా మూత కూడా తీయకు, అయినా పొద్దున్నే ఆవిడ కిటికీలు తెరుస్తారు. దాన్ని వాళ్లు లుఫ్టెన్ అంటారు, అంటే ఇంటికి గాలి పెట్టడం. అక్కడి ఇళ్లు చలికి సందు లేకుండా కట్టుకుంటారు, మనం స్నానం చేసినా వంట చేసినా ఆవిరంతా లోపలే ఉండిపోయి గోడలకి బూజు పడుతుంది. అందుకని ఎంత చలైనా రోజుకి రెండుమూడుసార్లు ఐదు పది నిమిషాలు బార్లా తెరిచి మూసేస్తారు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు కాగితాల్లో కూడా రాసుకుంటారు కొందరు. మీ ఆయన "అదేం లేదు" అన్నది నిజమే, కాకపోతే పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని విడమర్చి చెప్పాలని ఆ అబ్బాయికి తట్టలేదు. మగవాళ్ల సంగతి తెలిసిందేగా, ఏ దేశమైనా. అయితే ఒక మాట, ఇంగువ వాసన మూసిన ఇంట్లో రెండు రోజులు కదలదు, ఆ మాటా నిజమే. పోపు వేసేటప్పుడు వంటింటి తలుపు వేసి, పొయ్యి మీది ఫ్యాన్ పెట్టుకో.

ఇక నీ అసలు జబ్బు మొహమాటం. మన ఇళ్లలో వద్దంటే ఎవరు వింటారు? చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి నెయ్యి పోస్తుంది మా పెద్దమ్మ. మనం కూడా మూడోసారి అడుగుతారన్న ధీమాతోనే మొదటి రెండుసార్లు వద్దంటాం. అక్కడ వద్దన్నాక మళ్లీ బలవంతం చేస్తే నీ మాటకి విలువివ్వనట్టు. ఆవిడ పళ్లెం తీసేసింది నిన్ను గౌరవించే! ఇంకో చిక్కుంది. వాళ్లు ఏదైనా కావాలా అన్నప్పుడు మర్యాదకి నవ్వుతూ ఒక్క "డాంకె", అంటే థాంక్స్, అనేసి ఊరుకున్నావనుకో, దాన్ని వద్దనే అర్థం చేసుకుంటారు. కావాలంటే "యా, బిట్టె" అను, అంటే అవును, ప్లీజ్ అని. ఈ రెండు ముక్కలు వస్తే నీ కడుపు నిండుతుంది.

రాత్రి చల్లటి తిండి నీకోసం ప్రత్యేకంగా పెడుతున్నది కాదు. దాని పేరే ఆబెండ్‌బ్రోట్, సాయంత్రపు రొట్టె. చాలా ఇళ్లలో వేడి భోజనం మధ్యాహ్నమే. కాబట్టి మధ్యాహ్నం గట్టిగా తిను. రాత్రికి గుప్పెడు అన్నం వండుకుంటానని అత్తగారిని సూటిగా అడుగు, మీ ఆయనతో రాయబారం పంపకు. మీ ఆయనది ఆ ప్రాంతమే కాబట్టి చెబుతున్నా, అక్కడ లిన్జెన్ మిట్ స్పేట్జ్‌లె అని ఒకటి చేస్తారు, ఉడికించిన పప్పుధాన్యంలో కాస్త వెనిగర్ పోసి, చేత్తో చేసిన మెత్తటి సేమ్యా లాంటిదాని పక్కన వడ్డిస్తారు. పక్కన సాసేజ్ కూడా పెడతారు, తినకపోతే ముందే చెప్పు, కొన్నిసార్లు పప్పులో కూడా మాంసం ముక్కలు వేస్తారు. పుల్లగా ఉండే పప్పు, మన పప్పుపులుసుకి దూరపు చుట్టం అనుకో. నేర్పమని అడుగు. నచ్చిందో లేదో అన్న నీ టెన్షన్ పోవాలంటే ఆవిడతో వంటింట్లో ఒక గంట గడపడాన్ని మించిన మందు నాకు తెలియదు.

నిద్ర సంగతి. చలికాలంలో అక్కడికీ మనకీ నాలుగున్నర గంటల తేడా, నీ ఒళ్లు ఇంకా కాకినాడ టైములోనే ఉంది. తొమ్మిది రోజులైనా తగ్గలేదంటే మధ్యాహ్నం కునుకు తీస్తున్నావని నా అనుమానం. అది మానెయ్. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి, మూడు నుంచి నాలుగున్నర దాకా కోటు వేసుకుని బయట నడువు, తిరిగొచ్చాక ఇంట్లో లైట్లన్నీ వేసి ఉంచు. తొమ్మిదిన్నర దాకా ఎలాగోలా కూర్చో. రెండున్నరకి మెలకువ వచ్చినా అమ్మకి ఫోన్ చెయ్యకు, ఆవిడ అక్కడ ఏడింటికి కాఫీ తాగుతూ గంటసేపు మాట్లాడుతుంది, ఇక నిద్ర ఎక్కడిది?

పేరు పెట్టి పిలవమనడం చనువివ్వడం. జర్మన్‌లో మనకి మీరు, నువ్వు ఉన్నట్టే జీ, డూ ఉన్నాయి. డూ అని పేరుతో పిలవమన్నారంటే ఇంటి మనిషిని చేసుకున్నారని. నోరు రాకపోతే ఆ మాటే చెప్పు, మా ఊళ్లో అత్తగారిని పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు, అత్తయ్యా అని పిలవనా అని అడిగి చూడు. సరదా పడతారనే నా నమ్మకం.

అన్నట్టు, నువ్వు అడగలేదు గానీ, వాళ్ల బాత్రూముల్లో నేల మీద నీళ్లు పోవడానికి తూము సాధారణంగా ఉండదు. స్నానమంతా షవర్ గదిలోపలే, అద్దాల తలుపు మూసుకుని చెయ్యి. మగ్గుతో బయట పోశావో, అప్పుడు నిజంగానే కిటికీలు తెరుస్తారు. క్రిస్మస్ కానుకలు 24 సాయంత్రమే ఇచ్చుకుంటారు, నీవి ఆ మధ్యాహ్నానికే కాగితం చుట్టి సిద్ధంగా ఉంచుకో. ఆ రోజు దుకాణాలు మధ్యాహ్నానికే కట్టేస్తారు, 25, 26 తేదీలు పూర్తిగా సెలవు, ఆదివారాలు ఎలాగూ మూతే. బియ్యం, పెరుగు 23కే తెచ్చి పెట్టుకో.