పిల్లల ఆటలో తల్లిదండ్రుల జోక్యం ఎక్కువైతే ఏమవుతుంది?

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పన్నెండేళ్ల కొడుకు క్రికెట్ సాధన చేస్తుంటే పక్కన నిలబడి సూచనలివ్వడం తప్పా అని మీరు అడిగారు. ఆ పని శిక్షకుడికే వదిలేయండి.

శిక్షకుడు ఒకటి, మీరు మరొకటి చెబితే పిల్లవాడి చూపు బంతి మీద కాక మీ ముఖం మీద ఉంటుంది. సొంతంగా నిర్ణయించుకోవడం ఎప్పటికీ అలవడదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ చెప్పిన ప్రకారం ఉత్సాహం నిలవాలంటే మూడు కావాలి: ఇది నా ఇష్టం, నాకు చేతనవుతుంది, నావాళ్లు తోడున్నారు అనే భావాలు. అతి జోక్యం మొదటిదాన్నే దెబ్బతీస్తుంది. ఓడితే ఇంట్లో ప్రేమ తగ్గుతుందని భయపడే పిల్లలు గాయాన్ని కూడా దాచిపెడతారు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

పూర్తిగా తప్పుకోమనడం లేదు. కావలి నుంచో గూడూరు నుంచో తెల్లవారుజామునే వెంటబెట్టుకొచ్చే తల్లిదండ్రులు లేకపోతే ఎందరో పిల్లలకు మైదానమే అందదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం వారానికి ఒకటి, రెండు రోజులు ఆటకు విరామం ఇవ్వమంటుంది. ఆ రోజుల్లో ఆట ఊసే ఎత్తకండి. మ్యాచ్ ముగిశాక ఇంటిదారిలో అతనే మాట్లాడితే వినండి. లేదంటే ఆకలేస్తోందా అని అడగండి, చాలు.