రిటైరవుతున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

ఈ నెలాఖరుతో నీ సర్వీసు అయిపోతుందని మరదలు ఫోన్లో చెప్పింది. 2021లో తెలంగాణ ప్రభుత్వం రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచినప్పుడు మూడేళ్లు కలిసొచ్చాయని ఎంత సంబరపడ్డావో! అవీ అయిపోయాయి. పెన్షన్ లెక్కలు నీకు నేను చెప్పేదేముంది, మీ ఆఫీసులో అందరికీ నువ్వే చెప్పేవాడివి. నేను చెప్పాలనుకున్నది లెక్కలకి అందని సంగతి. రిటైరయ్యాక మనిషిని లోపల్లోపల తినేసేది తనతో ఎవరికీ పని పడటం లేదన్న బాధ. దాన్ని ముందే కనిపెట్టుకుని ఉండాలి.

మొదటి రోజులు బాగానే గడుస్తాయి. శాలువాలు, ఫోటోలు, తిరుపతి ప్రయాణం, వాయిదా వేసిన చుట్టాలిళ్లు. ఆ తర్వాత ఫోన్ మోగడం తగ్గుతుంది. నీ కింద పదేళ్లు పనిచేసినవాడు కూడా ఫోన్ ఎత్తకపోతే మనసు చివుక్కుమంటుంది. అతనిప్పుడు ఇంకో సారుకి జవాబు చెప్పుకోవాలి, అతని ఫైళ్లు అతనికున్నాయి. నేను స్కూల్లో ఉండగా రిటైరైన మేష్టార్లు అప్పుడప్పుడు స్టాఫ్‌రూమ్‌కి వచ్చేవారు. కుర్చీ వేసి, టీ తెప్పించి, కుశలమడిగేవాళ్లం. బెల్ కొట్టగానే హాజరు పట్టీలు తీసుకుని తలో క్లాసుకీ వెళ్లిపోయేవాళ్లం. వచ్చిన మేష్టారొక్కరే టీ గ్లాసు పట్టుకుని కూర్చునేవారు. ఆయన మీద మాకెవరికీ గౌరవం తగ్గలేదు, ఆ బెల్ ఆయన కోసం మోగడం ఆగిపోయింది, అంతే. అందుకే చెబుతున్నా, కాగితాల పనుంటే ఆఫీసుకి వెళ్లు, అది చూసుకుని వచ్చెయ్. ఊసుపోక మాత్రం వెళ్లకు.

ఇక ఇల్లు. దీని గురించి కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకు. ఇన్నేళ్లుగా నువ్వు బయటికి వెళ్లినప్పటినుంచి సాయంత్రం తిరిగొచ్చేదాకా ఆ ఇల్లు మరదలిది. పని తెమిలాక పేపరు, మధ్యాహ్నం కునుకు, మూడింటికి పక్క ఫ్లాట్ ఆవిడతో నాలుగు మాటలు. ఆ కాస్త సమయం తను సంపాదించుకున్నది. నువ్విప్పుడు పొద్దస్తమానం హాల్లో కూర్చుని అరగంటకోసారి టీ అడిగితే, ఫోన్ వస్తే ఎవరని ఆరా తీస్తే, అది కాస్తా పోతుంది. ఫ్రిజ్ తెరిచి కొత్తిమీర ఎందుకు కుళ్లిందని పంచాయతీ పెట్టకు. పప్పుల డబ్బాల వరస మార్చకు. నీకు రిటైర్మెంట్ వచ్చింది కానీ తనకి రాలేదని గుర్తుంచుకో.

సాయం చేస్తానని వంటింటి గుమ్మంలో నిలబడటం కన్నా ఏదో ఒక పని మొత్తంగా నీ నెత్తిన వేసుకో. నన్నడిగితే కూరగాయలు తీసుకో. మెహదీపట్నం రైతుబజార్ మీ ఇంటికి దగ్గరే. పొద్దున్నే వెళ్లు, ముందు ధరల బోర్డు చూడు, ఒక చుట్టు తిరిగాక కొను. వంకాయ తొడిమ పచ్చగా ఉండాలి. బెండకాయ కొస విరిస్తే టక్కున విరగాలి. సొరకాయకి గోరు గిచ్చితే దిగాలి, దిగకపోతే ముదురు. గోంగూర తెచ్చి పడేసి చేతులు దులుపుకోకుండా పేపరు పరుచుకుని ఆకు కూడా వలిచి ఇవ్వు. ఇంట్లో ఏం అయిపోయిందో, రేపటికి ఏం కావాలో నీకే తెలియాలి, ఆమె గుర్తు చేయకూడదు. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో నీకూ ఒక చోటు ఏర్పడుతుంది.

బయట కూడా నీతో ఎవరికో పని పడాలి. నువ్వు ఇంజనీరువి, లెక్కలు నీకు మంచినీళ్ల ప్రాయం. మీ వెనక బస్తీలో ప్రభుత్వ బడికి వెళ్లే పదో తరగతి పిల్లలుంటారు, మార్చి వస్తోందంటే వాళ్లకి టెన్షన్. వాళ్ల హెడ్మాస్టర్ని కలిసి అడుగు. నా దగ్గరికి వచ్చే ఒక పిల్ల సంవర్గమానాలంటే చాలు, పుస్తకం మూసేసేది. మొన్నొక సాయంత్రం చాక్‌పీస్ నా చేతిలోంచి తీసుకుని చెల్లికి తనే చెప్పింది. ఆ పూట నాకు ఎంత తృప్తిగా అనిపించిందో నీకు రాసి చెప్పలేను. ఒకటి మాత్రం చూసుకో. మొదలుపెట్టాక నాగా పెట్టకూడదు, పిల్లలు ఎదురుచూస్తారు.

సాయంత్రాలకి కచేరీలు, సభలు జరిగే త్యాగరాయ గానసభ ఉంది. చిక్కడపల్లిలోనే సిటీ సెంట్రల్ లైబ్రరీ, సుల్తాన్ బజార్‌లో 1901 నాటి గ్రంథాలయం శ్రీకృష్ణదేవరాయ భాషా నిలయం ఉన్నాయి. బుద్ధి పుట్టినప్పుడు వెళ్లిరా.

పిల్లల వీడియో కాల్ కోసం ఫోన్ ముందు పెట్టుకుని కూర్చోవద్దు. వాళ్లు చేసినప్పుడు నీ దగ్గర చెప్పడానికి నాలుగు కబుర్లుండాలి.

ఇవన్నీ చేసినా దిగులు రావచ్చు. వస్తే మొగాడికి ఏడుపేంటని దిగమింగకు. రెండు వారాలకి పైగా నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, ఇష్టమైన వాటి మీదా మనసు పోకపోయినా వయసు మీద పడిందని సరిపెట్టుకోవద్దు. అది డిప్రెషన్ కావచ్చు, దానికి మందుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లు, షుగరూ థైరాయిడూ కూడా చూపించుకో. టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత ఫోన్ లైన్ ఉంది, నంబర్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. నాకు ఏ వేళప్పుడైనా చెయ్యి.

డబ్బు సంగతి నాలుగు మాటల్లో ముగిస్తాను. బెనిఫిట్లు చేతికొచ్చాయని తెలియగానే ప్లాట్ల వాళ్లు, చేబదులు అడిగేవాళ్లు గుమ్మంలో ఉంటారు. మొదటి ఆరు నెలలు ఎవరికీ మాటివ్వకు. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది, 30 లక్షల దాకా వేసుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. ఇల్లు పిల్లల పేర రాయమని ఎవరెంత తొందరపెట్టినా రాయకు. తప్పనిసరైతే మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు గిఫ్ట్ డీడ్‌లోనే రాయించు. వాళ్లు మాట తప్పితే 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయమని అడగడానికి ఆ షరతే ఆధారం.

పెన్షన్ అకౌంట్ మీ ఇద్దరి పేరునా ఉందో లేదో చూడు. పీపీఓ (పెన్షన్ మంజూరు కాగితం), నామినేషన్లు, డిపాజిట్ కాగితాలు అన్నీ ఒకే ఫైల్లో పెట్టు. ఈ వచ్చే ఆదివారమే మరదల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏ కాగితం దేనికో చెప్పు, ఒక్కో దానికి జిరాక్స్ తీయించి తన బీరువాలో పెట్టుకోమను.

ఆశీస్సులతో
అక్క