స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) ట్రాక్ టెన్షన్, అంటే కింద తిరిగే రబ్బరు బెల్టు బిగుతు, మనమే సరిచేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ముందు ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకోండి. వెనక భాగాన్ని గట్టి స్టాండు మీద ఎత్తి పెట్టండి. ట్రాక్ వదులైతే దాన్ని తిప్పే డ్రైవ్ చక్రాల పళ్ల మీంచి ఎగిరిపడుతూ టకటకమంటుంది. మరీ బిగిస్తే స్లైడర్లు (ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలు) త్వరగా అరిగిపోతాయి. ట్రాక్ ఎంత వేలాడాలో మాన్యువల్‌లోనే చూడాలి, అందాజా పనికిరాదు.

బిగించేటప్పుడు వెనక యాక్సిల్ బోల్టు వదులు చేసి, రెండు వైపులా అడ్జస్టర్లను సమానంగా తిప్పండి. తర్వాత ఇంజిన్‌తో నెమ్మదిగా తిప్పి, స్లైడర్లున్న పట్టాలకూ ట్రాక్‌కున్న లోహపు క్లిప్పులకూ మధ్య సందు రెండు పక్కలా ఒకేలా ఉందో లేదో ఇంజిన్ ఆపాకే చూడండి. ట్రాక్ వదులున్న వైపుకే జరుగుతుంది. తిరుగుతున్నప్పుడు మాత్రం వెనకాల ఎవరూ నిలబడకూడదు: ఊడిన స్టడ్ (ట్రాక్‌కు బిగించే లోహపు ముల్లు) బుల్లెట్‌లా దూసుకొస్తుంది. చివర్లో యాక్సిల్ బోల్టు బిగించడం మర్చిపోకండి, చాలామంది మర్చిపోయేది అదే.