పైన ఒక డబ్బా, కింద ఒక డబ్బా, మధ్యలో కేబుల్

టవర్ నుంచి టవర్‌కి గాలిలో డేటా పంపే మైక్రోవేవ్ రేడియో ఒకే డిష్‌తో ఒకే సమయంలో పంపుతూ, అందుకుంటూ ఎలా ఉంటుంది, లోపల ఏమేం ఉంటాయి అని అడిగారు. కొన్నేళ్లు టవర్లెక్కి ఈ లింకులే పెట్టినవాణ్ణి కాబట్టి, టెలికం సైట్లలో నేను ఎక్కువగా చూసిన స్ప్లిట్ రకం, అంటే రేడియోని రెండు డబ్బాలుగా విడగొట్టినది, దాని గురించి చెబుతాను.

కింద షెల్టర్‌లో, అంటే పరికరాల గదిలో, ఉండేది ఐడీయూ (ఇండోర్ యూనిట్). అందులోని మోడెమ్ డేటాను ఐఎఫ్ అనే తక్కువ ఫ్రీక్వెన్సీ మీదకి ఎక్కిస్తుంది. చాలా సెట్లలో పైకి వెళ్లేది 350 మెగాహెర్ట్జ్, కిందికి వచ్చేది 140. రెండూ ఒక్క కోయాక్సియల్ కేబుల్‌లోనే నడుస్తాయి. పై డబ్బాకి కావలసిన మైనస్ 48 వోల్టుల డీసీ కూడా అందులోంచే.

డిష్ వెనక బిగించేది ఓడీయూ (ఔట్‌డోర్ యూనిట్). సొంతంగా ఒక ఫ్రీక్వెన్సీ పుట్టించే లోకల్ ఆసిలేటర్, దాన్ని ఐఎఫ్‌తో కలిపే మిక్సర్ కలిసి ఐఎఫ్‌ని 15 గిగాహెర్ట్జ్ లాంటి అసలు ఫ్రీక్వెన్సీకి లేపుతాయి. తర్వాత పవర్ ఆంప్లిఫయర్. పేరు చూసి భయపడకండి, బయటికి వచ్చేది 20 డీబీఎం (పవర్‌ని కొలిచే లెక్క) అనుకుంటే పదో వంతు వాటే. 10 కిలోమీటర్ల అవతల, రెండు వైపులా రెండడుగుల డిష్‌లు పెట్టినా, అందేది అందులో సుమారు 20 లక్షల్లో ఒక వంతు. అందుకే రిసీవర్ దారిలో నాయిస్ తక్కువగా ఉండే ఆంప్లిఫయర్ (ఎల్ఎన్ఏ) ముందుంటుంది, మిక్సర్ దాని తర్వాతే.

మీ అసలు ప్రశ్నకి జవాబు మాత్రం డిప్లెక్సర్. రెండు ఫిల్టర్లు ఒకే వేవ్‌గైడ్ (తరంగాలు నడిచే లోహపు గొట్టం) మూతి దగ్గర కలుస్తాయి. పంపే ఫ్రీక్వెన్సీకీ, అందుకునే ఫ్రీక్వెన్సీకీ మధ్య వందల మెగాహెర్ట్జ్ దూరం ఉంటుంది కాబట్టి మన అరుపు మన చెవినే పడదు. ఒక చివర తక్కువ ఫ్రీక్వెన్సీలో పంపే 'లో' ఓడీయూ, రెండో చివర ఎక్కువ ఫ్రీక్వెన్సీలో పంపే 'హై' ఓడీయూ ఉండాలి. ఒకసారి మాకు రెండూ 'లో' డబ్బాలే వచ్చాయి. లేబుల్ ఎవరం చూడలేదు, మధ్యాహ్నం దాకా డిష్‌లు తిప్పుతూనే ఉన్నాం!

ఇంత చెప్పినా, నన్ను ఎక్కువ ఏడిపించింది వీటిలో ఏదీ కాదు. ఒక సైట్‌లో వాన పడితే లింక్ పోయేది, ఎండ కాస్తే వచ్చేది. ఓడీయూ పోయిందన్నారు. తాడు కట్టి కొత్తది పైకి లాగాం. మళ్లీ వాన, మళ్లీ అదే కథ. చివరికి కేబుల్ పైచివర ఎన్-కనెక్టర్ విప్పితే నీళ్లు కారాయి. మధ్య పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది. నీళ్లు దూరకుండా కనెక్టర్ మీద చుట్టే టేపుని పైనుంచి కిందికి చుట్టారు. కింది నుంచి పైకి చుడితే పొరలు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పడి నీళ్లు జారిపోతాయి.

మీరెప్పుడైనా ఆ కనెక్టర్ విప్పాల్సి వస్తే ముందు ఐడీయూ ఆపండి. కరెంటు ఉండగా విప్పితే నిప్పురవ్వ లేచి పిన్ను కాలుతుంది, ఒక్కోసారి ఓడీయూ కూడా పోతుంది.