కరువు మేత: వరిగడ్డిని యూరియాతో మాగబెట్టడం ఎలా?

ప్రశ్న: వానలు మొహం చాటేశాయి, వేరుశనగ కట్టె దొరకడం లేదు. ఊరంతా కలిసి లారీ వరిగడ్డి తెప్పించుకున్నాం. పశువులు సరిగా తినడం లేదు. ఏం చేయాలి? – ఒక రైతు, కళ్యాణదుర్గం ప్రాంతం

జవాబు: యూరియాతో మాగబెట్టండి. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. యూరియా పూర్తిగా కరగాలి. గడ్డలు మిగిలితే అవి తిన్న పశువుకు ప్రాణం మీదికొస్తుంది. పాలిథిన్ పట్టా మీద గడ్డి పొరగా పరిచి, పూలకుండీలకు వాడే రోజ్ క్యాన్‌తో ద్రావణం చల్లి, బాగా తొక్కి, మళ్లీ పొర వేయండి. పైన ఇంకో పట్టా కప్పి అంచులు మట్టితో మూసేయండి. గాలి చొరబడితే యూరియా నుంచి పుట్టే అమ్మోనియా వాయువు పోయి బూజు పడుతుంది. బూజు పట్టిన గడ్డి పారేయాల్సిందే.

21 రోజుల తర్వాత కావలసినంతే తీసి, గంటసేపు ఆరబెట్టి ఘాటు పోయాక పెట్టండి. మొదటి వారం మామూలు మేతలో కొద్దికొద్దిగా కలపాలి. ఆరు నెలల్లోపు దూడలకు వద్దు. కొందరు తొందరపడి యూరియా చల్లిన రోజే పెడతారు. అది విషంతో సమానం.

మరో మాట: బెట్టకు వాడిపోయిన లేత జొన్న, కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకలు మేపితే నాము (జొన్నలో పుట్టే సైనైడ్ విషం) తగులుతుంది. పశువు రొప్పుతూ కూలబడితే ఆలస్యం చేయక పశువైద్యుణ్ని పిలవండి, సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్ నరానికి ఇస్తారు.