ఇంగ్లీషు క్రియలు నేర్చుకుంటున్న అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

జీఆర్‌ఈ కోసం రోజుకు ముప్ఫై మాటలు బట్టీ పడుతున్నాననీ, క్రియల దగ్గరికి వచ్చేసరికి ఒకదాని అర్థం మరొకదానిలో కలిసిపోతోందనీ వ్రాశావు. నీ జ్ఞాపకశక్తికి వచ్చిన లోటేమీ లేదు. ఒక్కో క్రియకు ఎదురుగా ఒక్కో తెలుగు మాట వ్రాసుకునే ఆ జాబితాలోనే లోపముంది. నామవాచకాలకు ఆ పద్ధతి కొంతవరకు సరిపోతుంది గాని, క్రియ అర్థం సగం దాని కర్మలోనూ, వెంట వచ్చే ప్రిపొజిషన్‌లోనూ ఉంటుంది. ఇల్లు కట్టడం, పన్ను కట్టడం, చీర కట్టడం, తాళి కట్టడం మనకెవరూ పట్టిక వేసి నేర్పలేదు. ఏ మాట పక్కన విన్నామో ఆ అర్థంలోనే పట్టుబడ్డాయి.

ఈ సంగతి నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. కోర్టు అనువాదకుడిగా చేరిన మొదటి ఏడాది, ఒక స్థలం తగాదాలో వచ్చిన ఇంగ్లీషు ఉత్తర్వును తెలుగు చేయమని ఇచ్చారు. ప్రతివాదులను ‘ఎన్‌జాయిన్’ చేసినట్లు అందులో ఉంది. నేను బట్టీ పట్టిన అర్థం ‘ఆదేశించు’. ఆ క్రియ వెంట ‘టు’ వస్తే ఫలానా పని చేయమని ఆదేశించడమే. అయితే ‘ఫ్రమ్’ వస్తే, న్యాయస్థానాల భాషలో, ఆ పని చేయరాదని నిషేధించడం. ఉత్తర్వులో ఉన్నది ‘ఫ్రమ్’. గోడ కట్టవద్దని న్యాయమూర్తి అంటే, కట్టి తీరాలన్నట్లు నేను వ్రాసిపెట్టాను. కాగితం సంతకానికి వెళ్లకముందే మా పై అధికారి కంటపడింది కనుక గోడ లేవలేదు. ఆయన నన్ను పల్లెత్తు మాట అనకుండా, ‘ఫ్రమ్’ కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసి, ఆ కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

అప్పటినుంచి కొత్త క్రియ కనబడితే, ఇది వేటి మీద పనిచేస్తుందని ముందు చూడటం అలవాటు చేసుకున్నాను. ‘ఎగ్జాసర్బేట్’ను ‘ఎక్కువ చేయు’ అని వ్రాసుకున్నావు. సంతోషాన్ని ఎవరూ ఎగ్జాసర్బేట్ చేయరమ్మా. అప్పటికే చెడి ఉన్నదాన్ని ఇంకా చెడగొట్టడానికే ఆ మాట. మన ‘ముదరబెట్టు’ దానికి దగ్గర: జబ్బు ముదురుతుంది, తగాదా ముదురుతుంది, ఆనందం ముదరదు. ‘ఆబ్వియేట్’ పక్కన తరచుగా ‘నీడ్’ ఉంటుంది, అంటే ఆ అవసరమే రాకుండా చేయడం. ‘మిటిగేట్’, ‘మిలిటేట్’ ఇంగ్లీషువారినే తికమక పెడతాయి. మొదటిది ‘మెత్తని’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది కనుక తీవ్రతను తగ్గిస్తుంది. రెండవది ‘సైనికుడు’ అనే మాట నుంచి వచ్చింది కనుక ‘ఎగెనెస్ట్’ను వెంటబెట్టుకుని ఎదురు నిలుస్తుంది.

ధాతువులు చూసుకోవడం మంచిదే. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అన్నీ ఒకే ‘హృ’ ధాతువు నుంచి వచ్చాయని తెలిసిన వాళ్లకు ఉపసర్గల మహిమ కొత్త కాదు. అయితే ధాతువు జ్ఞాపకానికి ఊతమే గాని అర్థానికి పూచీ పడదు. ‘ప్రిస్క్రైబ్’, ‘ప్రోస్క్రైబ్’ రెండింటిలోనూ ఉన్నది ‘వ్రాయు’ అనే లాటిన్ ధాతువే. వైద్యుడు మందును ప్రిస్క్రైబ్ చేస్తాడు, ప్రభుత్వం ఒక సంస్థను ప్రోస్క్రైబ్ చేసి నిషేధిస్తుంది.

కొత్త మాటలకన్నా తెలిసిన మాటలే ఎక్కువ మోసం చేస్తాయి. బ్యాంకు అప్పును శాంక్షన్ చేస్తే మంజూరైనట్లు, ఒక దేశాన్ని శాంక్షన్ చేస్తే దానిపై ఆంక్షలు పడినట్లు. పరీక్షలో నెగ్గడమే కాదు, అన్న మాటకు మినహాయింపు చేర్చి దాని పరిధి తగ్గించడం కూడా ‘క్వాలిఫై’ చేయడమే. ‘టేబుల్’ చేయడమంటే బ్రిటన్‌లోనూ మన పార్లమెంటులోనూ సభ ముందు ఉంచడం, అమెరికాలో చర్చను పక్కన పెట్టడం. నువ్వు వ్రాసేది అమెరికా పరీక్ష.

అందులో విడి మాటకు వ్యతిరేకపదం అడిగే ప్రశ్నలను 2011లోనే తీసేశారు. ఇప్పుడు ఇచ్చేవి వాక్యాలు, గద్యభాగాలే. కనుక రోజుకు ముప్ఫై మాని, వారానికి పది క్రియలు చాలనుకో. ఒక్కోదానికి నోటుపుస్తకంలో అరపేజీ వదిలి, ఇంగ్లీషు పత్రికల సంపాదకీయాల నుంచి మూడు వాక్యాలు ఎత్తి వ్రాసి, కర్మ కింద గీత గీసి, ప్రిపొజిషన్ చుట్టూ సున్న చుట్టు. ఆ వాక్యాన్ని మొత్తంగా తెలుగు చేసి, నాలుగు రోజులు ఆగి, మూలం చూడకుండా తిరిగి ఇంగ్లీషులోకి మార్చు. ఎక్కడ తప్పుతావో అక్కడే నీకు ఆ క్రియ రాదన్నమాట. ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ పెట్టే మనవాళ్ల పొరపాటు అలాగే బయటపడుతుంది, ‘గురించి’ చేర్చి చర్చించడమే మనకు ఎక్కువ అలవాటు కదా. నిఘంటువు మాత్రం విదేశీ విద్యార్థుల కోసం కూర్చినదే కొనుక్కో. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన హార్న్‌బీ, సహచరులతో కలిసి కూర్చగా 1942లో వెలువడిన నిఘంటువులో, ఏ క్రియ వెంట ఏ నిర్మాణం వస్తుందో నమూనాలుగా చూపించాడు. ఇప్పటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ నిఘంటువు దాని సంతతే.

మొదటి పది క్రియల పేజీలను ఫొటో తీసి పంపు. ఎర్రసిరా నా దగ్గర ఇంకా ఉంది.

ఇట్లు,
నీ పెదనాన్న