మెయిల్ ఐడి పెట్టుకునే ముందు

హనుమకొండ

చిరంజీవి మనవరాలికి తాత ఆశీస్సులు.

దోస్త్‌లో, అంటే తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పోర్టల్‌లో, డిగ్రీ సీటుకు దరఖాస్తు పెట్టే ముందు సొంత మెయిల్ ఐడి తెరుచుకుంటానని ఫోన్లో చెప్పావు. సంతోషం, కానీ పేరు విషయంలో తొందరపడవద్దు బిడ్డా. ఇవాళ సీటు కోసం ఇచ్చే ఐడినే రేపు బ్యాంకులోనూ, ఉద్యోగ దరఖాస్తులోనూ ఇస్తావు. మధ్యలో మార్చాలంటే ఇచ్చిన ప్రతిచోటా మార్చుకోవాలి.

ముద్దుపేర్లు, సినిమా పేర్లు వద్దు. పదో తరగతి మెమోలో నీ పేరు ఏ అక్షరాలతో ఉందో అవే పెట్టు. మన పేర్లకు ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగ్ ఉండదు. లక్ష్మికి ఒకరు కె, ఎస్, హెచ్ రాస్తే మరొకరు ఎక్స్ రాస్తారు, స్వాతిలో టి తరువాత హెచ్ కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. ఒట్టి పేరు ఈపాటికే ఎవరో తీసుకుని ఉంటారు కాబట్టి ఇంటిపేరు పూర్తిగా కలుపు. జీమెయిల్‌లో 6 నుంచి 30 అక్షరాల వరకు పెట్టుకోవచ్చు. అయితే జీమెయిల్ చుక్కను లెక్కలోకి తీసుకోదు, అందుచేత వేరొకరికి ఉన్న పేరు మధ్యలో చుక్క పెట్టినంత మాత్రాన నీకు దొరకదు. పుట్టిన సంవత్సరం మాత్రం చేర్చకు. ఐడి చూసిన ప్రతివారికీ నీ వయసు తెలియవలసిన అవసరం లేదు. అంకె తప్పదనుకుంటే సున్నా, ఒకటి వదిలెయ్యి, ఎందుకంటే అవి ఓ, ఎల్ అక్షరాల్లా కనిపిస్తాయి.

నా ఐడిలో అండర్‌స్కోర్, అంటే అక్షరాల అడుగున పడే గీత, ఉంది. ఒక బ్యాంకు కౌంటర్ దగ్గర నేను స్పష్టంగానే చెప్పాను, అక్కడివారు అడ్డగీత కొట్టారు, నాలుగు నెలలపాటు నాకు ఒక్క స్టేట్‌మెంటూ రాలేదు. పైగా లింకు కింద గీత పడినప్పుడు ఆ అండర్‌స్కోర్ అందులో కలిసిపోయి ఖాళీ జాగాలా కనిపిస్తుంది. కాబట్టి నీవు అనుకున్న ఐడిని మీ నాన్నకు ఫోన్లో ఒక్కసారి మాత్రమే చెప్పి కాగితం మీద రాయించు. ఆయన తిరిగి అడిగారంటే పేరు మార్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. మీ చిన్నాన్న ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చున్న అబ్బాయి తన సొంత ఫోన్ నంబరు ఇచ్చి ఐడి తెరిచాడు. పాస్‌వర్డ్ రాసిన చీటీ పోయింది, కొత్తది పెట్టుకుందామంటే ఓటీపీ ఆ అబ్బాయి ఫోన్‌కే వెళ్లింది, అప్పటికి సెంటరు ఎత్తేశారు. హాల్‌టికెట్ మెయిల్ ఆ ఖాతాలోనే ఉండిపోయింది. ఆ రాత్రి మీ చిన్నాన్న ముఖం నేను మరచిపోలేదు.

రేపు కాలేజీవారు ఐడి ఇచ్చినా దానిని చదువుకే వాడు. కోర్సు అయ్యాక వారు దానిని మూసివేయవచ్చు. సొంతది అప్పుడప్పుడు తెరుస్తూ ఉండు, 2 ఏళ్లు వాడకపోతే గూగుల్ ఖాతాను తొలగించవచ్చు.

ఆదివారం వచ్చేటప్పుడు మెమో జిరాక్స్ తీసుకురా. నీ ఫోన్‌లో, నీ నంబరుతో, నీ చేత్తోనే తెరువు. నేను పక్కన కూర్చుంటాను.

ప్రేమతో,
తాత